సీ2 పెడికిల్ వెడల్పు: ఎండు ఎముక మీద ఒక లెక్క, సీటీలో ఇంకో లెక్క. థీసిస్‌లో ఏది రాయాలి?

పీజీ_కష్టాలు
అనాటమీ ఎండీ రెండో సంవత్సరం. థీసిస్ మెడ రెండో పూస (సీ2, ఆక్సిస్) కొలతల మీద. డిపార్ట్‌మెంట్‌లో ఉన్న ఎండు ఎముకల మీద డిజిటల్ వెర్నియర్‌తో పెడికిల్ (పూస ముందు భాగమైన బాడీని వెనక భాగంతో కలిపే ఎముక) వెడల్పు, ఎత్తు, డెన్స్ (బాడీ నుంచి పైకి పొడుచుకొచ్చే మొన) ఎత్తు, లామినా (వెనక పలక) మందం, ట్రాన్స్‌వర్స్ ఫొరామెన్ (మెదడుకి రక్తం తీసుకెళ్లే వర్టిబ్రల్ ఆర్టరీ పోయే పక్క రంధ్రం) అన్నీ తీస్తున్నాను. రేడియాలజీ వాళ్లు ఇచ్చిన మెడ సీటీల్లో కూడా అవే తీస్తే మిగతావన్నీ దగ్గర దగ్గరగానే ఉన్నాయి, పెడికిల్ వెడల్పు మాత్రం సీటీలో బాగా తక్కువ వస్తోంది. దాదాపు మిల్లీమీటరు తేడా. పూసలు కలిపి బిగించే స్క్రూ పడుతుందా లేదా అనేది తేలేదే ఆ మిల్లీమీటరులో కదా.

గైడ్ మేడమ్ "రెండూ పెట్టెయ్యి, డిస్కషన్‌లో ఏదో ఒకటి రాద్దాం" అంటున్నారు. కో-గైడ్ ఆర్థో సార్ "ఎండు ఎముక లెక్కలు నాకెందుకు, స్క్రూ పడుతుందో లేదో చెప్పు చాలు" అంటున్నారు. పేపర్లు తిరగేస్తే ఒక్కొక్కరు ఒక్కో చోట కొలిచి అన్నిటికీ పెడికిల్ అనే పేరు పెట్టారు. అసలు ఎక్కడ కొలవాలి? ఏ లెక్క నమ్మాలి?

మిర్చిబజ్జి
మా ఊరి టైలర్ చొక్కా కాలర్ కొలతే సరిగ్గా తీయడు. నువ్వు లోపల పూస దాకా వెళ్లావు. ఆల్ ది బెస్ట్.

ఫిల్మ్‌రూమ్
సీటీలో ఏ కట్ మీద కొలిచావో ముందు చెప్పు. గాంట్రీకి (స్కానర్ రింగుకి) సమాంతరంగా వచ్చిన మామూలు యాక్సియల్ (అడ్డుకోత) బొమ్మ మీదా, లేక పెడికిల్ వాలుకి తగ్గట్టు మళ్లీ తిప్పుకున్న బొమ్మ మీదా? సీ2 పెడికిల్ వెనక నుంచి ముందుకి పోతూ పైకీ, లోపలికీ వాలి ఉంటుంది. నేరుగా తీసిన కట్‌లో దాన్ని అడ్డదిడ్డంగా కోసినట్టవుతుంది.

ఇంకా స్లైస్ మందం ఎంత? విండో (తెర మీద నలుపు తెలుపుల సెట్టింగ్) ఏది పెట్టావు? బోన్ విండోలో కాకుండా సాఫ్ట్ టిష్యూ విండోలో కొలిస్తే ఎముక ఉన్నదానికంటే లావుగా కనిపిస్తుంది.

పీజీ_కష్టాలు
1 మిల్లీమీటరు స్లైసులు, బోన్ విండోనే సార్. కట్ మాత్రం నేరుగా వచ్చిన యాక్సియల్.

ఫిల్మ్‌రూమ్
అక్కడే ఉంది సగం గొడవ. మూడు తలాల్లో తిప్పుకుని కొలువు. శాజిటల్‌లో (పక్క నుంచి చూసే నిలువుకోతలో) పెడికిల్ వాలు వెంట గీత పెట్టుకో, ఆ గీత మీద యాక్సియల్ తీసుకో, అందులో అత్యంత సన్నగా ఉన్న చోట పట్టుకో.

మిగతా సగం నీ వెర్నియర్‌ది అనుకుంటున్నా. దాని సంగతి ఎముకలు పట్టుకున్నవాళ్లు చెప్పాలి.

వెర్నియర్_వెంకట్
నేను డాక్టర్ని కాదు, మెకానికల్ వాడిని. బాలానగర్‌లో క్వాలిటీ ఇన్‌స్పెక్షన్. ఆర్థోపెడిక్ ప్లేట్లు, స్క్రూలు చేసే వాళ్లకి కొంతకాలం పని చేశాను కాబట్టి ఈ టాపిక్ కనిపిస్తే ఆగలేను.

మామూలు వెర్నియర్ దవడలు బల్లపరుపుగా, లావుగా ఉంటాయి. కొలిచే వస్తువు నడుము సన్నగా, రెండు చివర్లూ లావుగా ఉంటే ఆ దవడ నడుము దాకా దిగదు. చివర్లకి తగిలి అక్కడే ఆగిపోతుంది. డిస్‌ప్లే మీద 0.01 దాకా అంకెలు చూపిస్తుంది కాబట్టి చూసేవాడికి నమ్మకం, కానీ అది చూపించేది తప్పు చోటి కొలత. అలాంటి గాడులకి మేం బ్లేడ్ దవడల వెర్నియర్ వాడతాం. మొన దవడలవి కూడా దొరుకుతాయి. ఆ పూస ఫోటో ఒకటి పెట్టగలరా?

ఎముకల_మేడమ్
వెంకట్ గారు ఫోటో చూడకుండానే పట్టేశారు. పీజీ అమ్మాయీ (అబ్బాయివైతే క్షమించు), ఒక ఆక్సిస్ చేతిలోకి తీసుకో. పెడికిల్ లోపలి గోడ అంటే స్పైనల్ కెనాల్ (వెన్నుపాము పోయే దారి) వైపు. బయటి గోడ అంటే ట్రాన్స్‌వర్స్ ఫొరామెన్ లోపలి గోడే. వెడల్పు కొలవాలంటే ఒక దవడ కెనాల్‌లోకి, రెండోది ఆ ఫొరామెన్‌లోకి పోవాలి. సీ3 నుంచి కిందకి ఆ ఫొరామెన్ దాదాపు నిటారు రంధ్రం, పెద్ద ఇబ్బంది లేదు. సీ2లో అది వంపు తిరిగిన సొరంగం. కింద మూతి నేలని చూస్తుంది, పైమూతి పక్కకి తిరిగి ఉంటుంది. నీ వెర్నియర్ దవడ ఆ మలుపులో ఇరుక్కుపోతుంది. నువ్వు కింద మూతి అంచు దగ్గర పట్టుకుని "పెడికిల్ వెడల్పు" అని రాసుకుంటావు. అసలు సన్నటి చోటు మలుపులో, పై కీలు కింద దాగి ఉంటుంది.

పాతకాలంలో మేము డివైడర్ మొనలతో తీసి, స్కేల్ మీద పెట్టి చదివేవాళ్లం. ఇప్పుడెవరికీ అంత ఓపిక లేదు.

న్యూరో_రావు
ఇంకో గొడవ ఎవరూ ఎత్తలేదు. పెడికిల్ ఏది, పార్స్ ఏది? పై కీలుకీ కింది కీలుకీ మధ్య ఉండే ఎముక పార్స్. పై కీలు అడుగున ముందుకి వెళ్లి బాడీకి కలిసేది పెడికిల్. సీ2లో ఈ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టుంటాయి కాబట్టి సగం పేపర్లలో పార్స్‌ని పెడికిల్ అని రాశారు. పార్స్ స్క్రూ ఫొరామెన్ దాకా వెళ్లకముందే ఆపేస్తాం, పొట్టిది. పెడికిల్ స్క్రూ ఫొరామెన్ పక్క నుంచి లోపలికి వాలి బాడీలోకి పోతుంది, పొడుగ్గా ఉంటుంది, పట్టు ఎక్కువ. నువ్వు ఏ స్క్రూ కోసం కొలుస్తున్నావో తేల్చుకోకుండా కొలిస్తే నాకు ఉపయోగం లేదు.

నిర్మొహమాటంగా చెబుతున్నా, ఎండు ఎముకల థీసిస్‌లు చదివి ఎవరూ ఆపరేషన్ చేయరు. నా పేషెంట్‌కి నేను సీటీ తీయిస్తా, వర్టిబ్రల్ ఆర్టరీ చూడటానికి సీటీ యాంజియో తీయిస్తా, ఆ మనిషి ఎముకనే కొలుస్తా. పదిమంది సగటు నాకెందుకు?

స్పైన్_సూర్య
రావు సార్‌తో సగం ఒప్పుకుంటా. మొదట్లో సీ1 (మెడ మొదటి పూస), సీ2 కలిపి బిగించాలంటే మాగెర్ల్ ట్రాన్స్‌ఆర్టిక్యులర్ స్క్రూనే. సీ2 పార్స్ గుండా పైకి కీలు దాటించి సీ1లోకి. ఆర్టరీ కాస్త పైకి ఎగబాకి ఉంటే ఆ దారి మూసుకుపోయినట్టే. ముంబై కేఈఎంలో అతుల్ గోయెల్ 1988 నుంచి సీ1 లేటరల్ మాస్‌లో (పక్కనుండే ఎముక దిమ్మలో) ఒకటి, సీ2లో ఒకటి విడివిడిగా వేసి ప్లేట్‌తో కలపడం మొదలుపెట్టారు, 1994లో ప్రచురించారు. 2001లో హార్మ్స్, మెల్చర్ అదే ఆలోచనని పాలీయాక్సియల్ (తల అటూ ఇటూ తిరిగే) స్క్రూలు, రాడ్‌తో చేశారు. విదేశాల్లో చాలామంది హార్మ్స్ టెక్నిక్ అనే అంటారు, మనం మాత్రం గోయెల్ పేరు ముందు పెడదాం.

ఈ రెండు పద్ధతులకీ చూడాల్సిన కొలతలు ఒకటి కావు. తమ్ముడూ, నీ టేబుల్‌లో ఇది కనబడాలి.

ఎముకల_మేడమ్
రావు గారూ, మీ పేషెంట్‌కి మీరు సీటీ తీయిస్తారు, సంతోషం. మెడ వెనక చర్మం కోసి, కండరాలు పక్కకి లాగాక మీ కంటికి కనిపించేది ఎముక వెనక భాగమే కదా. లామినా పై అంచు నుంచి ఎంత కిందకి, లోపలి అంచు నుంచి ఎంత పక్కకి డ్రిల్ పెట్టాలో మీకు మొదట ఎవరు చెప్పారు? ఎండు ఎముక మీదా, కెడావర్ (శవం) మీదా కొలిచినవాళ్లే. ఫెలోషిప్‌కి పోయే పిల్లలకి చేతిలో పూస పట్టుకుని తిప్పి చూడకపోతే ఆ మలుపు అర్థం కాదు. తెర మీద ఎంత తిప్పినా అది చేతికి అందదు.

న్యూరో_రావు
మేడమ్, పాఠం చెప్పడానికి ఎముక కావాలి. అది నేను కాదనలేదు. సగటు వెడల్పు ఇంత, ప్లస్ ఆర్ మైనస్ ఇంత, "కాబట్టి 3.5 స్క్రూ సురక్షితం" అని ముగించే పేపర్ల మీదే నా కోపం. సగటు బాగుంటుంది, నా బల్ల మీద పడుకున్న మనిషిది సన్నగా ఉంటుంది. అప్పుడు ఆ వాక్యం రాసినవాడు వచ్చి రక్తం ఆపుతాడా?

మిర్చిబజ్జి
అమ్మో. పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

స్టాట్స్_శ్రీను
రావు సార్ కోపానికి మందు నా దగ్గర ఉంది. సగటు రాయడం మానేయక్కర్లేదు, దాంతో ఆగిపోవద్దు. 3.5 మిల్లీమీటర్ల స్క్రూకి రెండు పక్కలా కనీసం అర మిల్లీమీటరు ఎముక మిగలాలి అనుకుంటే 4.5 కావాలి. నీ శాంపిల్‌లో 4.5 కంటే తక్కువ ఉన్నవి ఎన్ని, కుడి ఎన్ని, ఎడమ ఎన్ని, రెండు పక్కలా సన్నగా ఉన్నవి ఎన్ని, ఇవి చెప్పు. సర్జన్‌కి కావాల్సింది ఆ లెక్క.

రెండో విషయం. యాభై ఎముకలకి కుడి, ఎడమ కలిపి వంద పెడికిల్స్ అని చూపించి శాంపిల్ పెంచుకోకు. ఒకే మనిషి రెండు పక్కలూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి.

మూడోది, అదే ఎముకని కొన్ని వారాలు ఆగి, పాత రీడింగ్ చూడకుండా మళ్లీ కొలువు. ఇంకొకరితో కూడా కొలిపించు. రెండిటికీ ఐసీసీ (రీడింగులు ఒకదానితో ఒకటి ఎంత కలుస్తున్నాయో చెప్పే లెక్క) వేసి రాయి. నీ చేతివాటం తేడానే అర మిల్లీమీటరు ఉంటే దాని మీద ఎంత స్టాటిస్టిక్స్ చేసినా వృథా.

ఫిల్మ్‌రూమ్
శ్రీను చెప్పినదానికి ఇంకోటి కలుపుతున్నా. సీటీలో కూడా దశాంశాల మోజు వద్దు. 512 మ్యాట్రిక్స్‌లో 200 మిల్లీమీటర్ల ఫీల్డ్ ఆఫ్ వ్యూ (బొమ్మలో పట్టే వెడల్పు) పెడితే ఒక పిక్సెల్ దాదాపు 0.39 మిల్లీమీటర్లు. తల, ఛాతీ కలిపి 400 పెట్టి తీసిన ట్రామా స్కాన్ అయితే 0.78. సాఫ్ట్‌వేర్ 4.27 అని చూపిస్తుంది, అది నమ్మి రాసేస్తారు. నువ్వు తెచ్చుకున్న స్కాన్‌లలో ఫీల్డ్ ఎంతో చూసి, పెద్దవి పక్కన పెట్టెయ్యి.

పీజీ_కష్టాలు
చాలా థ్యాంక్స్ అందరికీ. మేడమ్, నేను అబ్బాయినే :) బ్లేడ్ దవడల వెర్నియర్ వెతుకుతాను.

ఒక సందేహం. హై రైడింగ్ వర్టిబ్రల్ ఆర్టరీ అని పేపర్లలో వస్తోంది. ఎండు ఎముకలో ఆర్టరీ ఉండదు కదా, దాన్ని ఎలా చెప్పాలి?

స్పైన్_సూర్య
ఆర్టరీ లేకపోయినా అది తొలిచిన గాడి ఉంటుంది. సీటీలో అయితే స్పైనల్ కెనాల్ పక్క గోడ నుంచి 3 మిల్లీమీటర్లు బయటకి జరిగి శాజిటల్ కట్ తీసుకో. అక్కడ ఇస్త్మస్ (పార్స్ సన్నటి చోటు) ఎత్తు 5 మిల్లీమీటర్లు లేదా అంతకంటే తక్కువ, లేదా పై కీలు ఉపరితలానికీ గాడి కప్పుకీ మధ్య మందం 2 లేదా అంతకంటే తక్కువ ఉంటే హై రైడింగ్ అంటారు. ఈ నిర్వచనమే ఎక్కువమంది వాడతారు, నువ్వూ ఇదే వాడు. సొంత నిర్వచనం కనిపెట్టకు, ఎవరితోనూ పోల్చుకోలేవు.

ఎండు ఎముకలో ఆ 2 మిల్లీమీటర్లది తీయడం కష్టం. అక్కడ కీలు మీద మృదులాస్థి కూడా పోయి ఉంటుంది.

అమ్మ_కోసం
నేను డాక్టర్ని కాదు. మా అమ్మకి కీళ్లవాతం, చాలా ఏళ్లుగా. ఇప్పుడు మెడలో సీ1-సీ2 జారిందని ఆపరేషన్ చెప్పారు. గూగుల్‌లో వెతుకుతుంటే ఈ చర్చ కనిపించింది. సర్జన్ గారు ఒక పక్క పెడికిల్‌లో స్క్రూ, రెండో పక్క లామినాలో స్క్రూ వేస్తామన్నారు. రెండు పక్కలా ఒకేలా వేయకపోవడం ఏదో సర్దుబాటు చేస్తున్నట్టు అనిపించి నిన్నటి నుంచి టెన్షన్‌గా ఉంది. అడిగితే ఏమనుకుంటారో అని అడగలేదు.

న్యూరో_రావు
బాబూ, టెన్షన్ పడకు. ఇది సర్దుబాటు కాదు, ఆయన మీ అమ్మగారి స్కాన్ కొలిచి చూశాడనడానికి గుర్తు. ఒక పక్క పెడికిల్ సన్నగానో, ఆర్టరీ పైకి వచ్చో ఉండి ఉంటుంది. అలాంటప్పుడు ఆ పక్క లామినాలో అడ్డంగా స్క్రూ వేస్తారు. 2004లో రైట్ అనే ఆయన దీన్ని ప్రచురించాక బాగా వాడుకలోకి వచ్చింది. ఆ దారిలో వర్టిబ్రల్ ఆర్టరీ ఉండదు. లామినా మందం సరిపోవాలి, స్క్రూ లోపలికి కెనాల్‌లోకి చొచ్చుకుపోకూడదు, అదొక్కటే జాగ్రత్త.

అడగడానికి మొహమాటం ఎందుకు? "ఏ పక్క ఆర్టరీ పెద్దది సార్, యాంజియో చేశారా" అని అడుగు. చాలామందిలో ఎడమది పెద్దగా ఉంటుంది. పెద్ద ఆర్టరీ ఉన్న పక్కే ఎముక సన్నగా ఉంటే మేం అక్కడ అస్సలు సాహసం చేయం.

డల్లాస్_మత్తుడాక్టర్
అనస్థీషియా వాడిని. పై జవాబుకి ఒక మాట. కీళ్లవాతం ఉన్నవాళ్లకి వేరే ఏ ఆపరేషన్ అయినా సరే, మోకాలిదైనా సరే, మెడ సంగతి మత్తు డాక్టర్‌కి ముందే చెప్పాలి. గొట్టం వేసేటప్పుడు మెడ వెనక్కి వంచుతాం. మీ అమ్మగారి ఫైల్ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

అమ్మ_కోసం
రేపు రౌండ్స్‌లో అడుగుతాను సార్. చాలా ధన్యవాదాలు ఇద్దరికీ.

కనిగిరి_పీహెచ్‌సీ
చర్చ మధ్యలో దూరుతున్నా. పీజీ తమ్ముడూ, నీ ఎముకలూ స్కాన్‌లూ ఏ ఊరివో చూసుకున్నావా? మా వైపు ఫ్లోరైడ్ నీళ్లు. మన దేశంలో వాటివల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి మొదట రాసిందే 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించి. నల్గొండ సంగతి సరేసరి. అస్థి ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ల పూసలు దట్టంగా, అంచులు లావుగా ఉంటాయి, లిగమెంట్లు ఎముకగా మారతాయి, కెనాల్ ఇరుకవుతుంది. నా ఓపీకి వచ్చే ముసలాళ్లలో మెడ తిప్పలేనివాళ్లు, తిమ్మిర్లు ఎక్కి నడక తడబడేవాళ్లు ఇంకా ఉన్నారు. అలాంటి పూసలు నాలుగు కలిసినా నీ సగటు జరిగిపోతుంది.

ఎముకల_మేడమ్
మంచి పాయింట్. ఇంకొంచెం లోతుకి పోదాం. థీసిస్ టైటిల్‌లో "ఆంధ్ర జనాభాలో" అని పెట్టావా?

పీజీ_కష్టాలు
"దక్షిణ భారత జనాభాలో" అని ఉంది మేడమ్. సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) యూనివర్సిటీకి ఇంకా పంపలేదు.

ఎముకల_మేడమ్
అయితే పంపకముందే మార్చు. పాత కాలేజీల బోన్ సెట్లు చాలావరకు కలకత్తా వ్యాపారుల దగ్గర కొన్నవే. 1985లో ప్రభుత్వం మనిషి ఎముకల ఎగుమతి నిషేధించేదాకా ప్రపంచంలో చాలా మెడికల్ కాలేజీలకి అక్కడి నుంచే పోయేవి. నీ బీరువాలో ఉన్న ఆక్సిస్ ఎవరిదో, ఏ ఊరిదో, ఆడో మగో, ఎంత వయసో ఎవరికీ తెలియదు. దాన్ని దక్షిణ భారతం అని రాస్తే ఎగ్జామినర్ నవ్వుతాడు. నేనైతే నవ్వను, తిరిగి పంపేస్తాను.

సీటీ వైపు ఆ బెడద లేదు. వయసు, లింగం, ఊరు రికార్డులో ఉంటాయి. జనాభా మాట సీటీ భాగానికి మాత్రమే వాడు.

మిర్చిబజ్జి
అంటే ఇన్నాళ్లూ మనం వైవాలో పట్టుకుని చెమటలు పట్టించుకున్న పూస బెంగాలీ బాబుదా?

వెర్నియర్_వెంకట్
:))) రసగుల్లా పూస.

స్పైన్_సూర్య
మేడమ్ చెప్పింది నిజం. అలాగని ఎముకల భాగం పూర్తిగా తీసేయకు. నాకు నిజంగా కావాల్సినది అక్కడ ఒకటుంది. ఒకే ఎముకని నువ్వు చేత్తో కొలువు, తర్వాత అదే ఎముకని సీటీలో పెట్టి కొలువు. అప్పుడు ఏ ఊరిదైతే ఏంటి, పద్ధతికీ పద్ధతికీ తేడా ఎంతో తేలిపోతుంది. ఇప్పుడు నువ్వు చేస్తున్నది ఎవరివో ఎముకలు చేత్తో, ఇంకెవరివో ఎముకలు మెషిన్‌లో. తేడా వస్తే పద్ధతిదా, మనుషులదా ఎలా చెప్తావు?

న్యూరో_రావు
ఇది చేస్తే నేను చదువుతా. మాటిస్తున్నా.

ఫిల్మ్‌రూమ్
ఎండు ఎముకలు స్కాన్ చేసేటప్పుడు ఒక చిట్కా. గాలిలో ఉత్తగా పెట్టి తీస్తే చుట్టూ కండ ఉన్నప్పటిలా అంచులు రావు. ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పోసి అందులో ముంచి తీయొచ్చు, బుడగలు పోయేదాకా కాసేపు ఆగాలి. సాయంత్రం ఓపీ స్కాన్‌లు అయిపోయాక టెక్నీషియన్‌ని బతిమాలుకో. టీ నీదే.

పీజీ_కష్టాలు
నీళ్లలో ముంచితే ఎముకలు పాడవవా? మా మ్యూజియం అటెండర్ నన్ను బతకనివ్వడు.

ఎముకల_మేడమ్
ఆరబెట్టి పెడితే ఏం కాదు. ఎండలో పెట్టకు, పగుళ్లొస్తాయి. నీడలో, ఫ్యాన్ కింద.

పీజీ_కష్టాలు
ఇంకొక్కటి. సీ2లు వెతుకుతుంటే కొన్ని సీ1లలో వెనక ఆర్చ్ మీద గాడికి పైన ఎముక వంతెనలా కట్టుకుని ఉంది. అది కూడా రాయాలా?

స్పైన్_సూర్య
తప్పకుండా! పాంటిక్యులస్ పోస్టికస్. ఆర్టరీ ఆ వంతెన కింద నుంచి పోతుంది. ఆపరేషన్‌లో పైనుంచి చూస్తే ఆర్చ్ బాగా వెడల్పుగా ఉన్నట్టు కనిపించి, స్క్రూ ఇక్కడే వేసేయొచ్చు అనిపిస్తుంది. డ్రిల్ పెడితే తిన్నగా ఆర్టరీలోకే. పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో కూడా కనిపిస్తుంది, చూసే అలవాటు ఉండాలి అంతే. దాన్ని వేరే పేపర్‌గా రాసుకో. వంతెన పూర్తిగా ఉన్నవి, సగంలో ఆగినవి, ఏ పక్కన, అన్నీ విడివిడిగా.

స్టాట్స్_శ్రీను
థీసిస్ అయ్యాక. ఇప్పుడే అన్నీ పెట్టుకుంటే ఏదీ తేలదు.

వెర్నియర్_వెంకట్
కొత్త వెర్నియర్ కాలేజీ స్టోర్స్ ఇండెంట్ ద్వారా తెప్పిద్దామని చూడకు, నువ్వు సీనియర్ రెసిడెంట్ అయ్యాక వస్తుంది. సొంతంగా కొనుక్కో. కొలిచే ముందు దవడలు మూసి సున్నా వస్తోందో లేదో ప్రతి పూటా చూసుకో. తెలిసిన మందం ఉన్న గేజ్ బ్లాక్ ఒకటి పెట్టుకుని మొదట్లో, చివర్లో కొలిచి రాసుకో. బాలానగర్ వైపు వస్తే నా దగ్గర పాతది ఒకటుంది, ఇస్తాను.

ఎముకల_మేడమ్
ఎముకలకి నంబర్లు వేసేటప్పుడు కొలిచే చోట కాకుండా బాడీ కింది వైపు పెన్సిల్‌తో వెయ్యి. గత బ్యాచ్ వాళ్లెవరో పర్మనెంట్ మార్కర్‌తో ఫొరామెన్ చుట్టూ ఎర్ర గీతలు గీసి పోయారు. ఆ పాపాత్ములెవరో ఈ ఫోరమ్‌లో ఉంటే చేతులెత్తండి.

మిర్చిబజ్జి
లాగౌట్ అవుతున్నా.